గటక ఉడకాల్సింది క్యాంటీన్‌లో

ఎడిటర్ గారు అప్పగించిన పని సూటిగానే ఉంది. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం, అంటే మన కోల్‌బెల్ట్‌లో మంచి తిండి, మన చుట్టుపక్కల పండే పంట, జనం కూడి చేస్తున్న ప్రయత్నాలు. ముఖచిత్ర కథనం. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి.

ఇలాంటి కథనానికి ఒక అచ్చు తయారుగా ఉంటుంది. చిరుధాన్యాల స్టాలు ఫొటో ఒకటి, రిబ్బన్ కత్తిరిస్తున్న అధికారి ఒకరు, షుగర్ తగ్గిందని చెప్పే పెద్దాయన ఒకరు, కొర్రల బిస్కెట్ ధర చూసి ప్యాకెట్‌ను మళ్లీ అరలో పెట్టేసే గృహిణి (ఈమె ఫొటో మాత్రం ఎవరూ వేయరు). స్టాళ్లంటే నాకు మొదటినుంచీ కొంత అనుమానం. ఆదివారం వేస్తారు, సోమవారానికి టెంటు లేచిపోతుంది. గోదావరిఖనిలో జనం సోమవారం ఏం తింటారన్నది నా ప్రశ్న. దానికి జవాబు వెతకబోతే, ఏ స్టాల్లోనూ లేని ప్రాణం చట్టం పుస్తకంలోని ఒక సెక్షన్‌లో దొరికింది. అందుకే ఈ వారం పేజీల్లో ఎక్కువ భాగం దానికే ఇచ్చేశాను.

సెక్షన్ 46

1948 నాటి కార్ఖానాల చట్టంలో 46వ సెక్షన్ క్యాంటీన్ గురించి. 250 మందికి మించి కార్మికులు పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు సంగతి దాని కింద ఉన్న చిన్న క్లాజుల్లో ఉంది. ఏ వంటకాలు పెట్టాలి, ఎంతకు అమ్మాలి అన్నది ఒక క్లాజు. క్యాంటీన్‌కు నిర్వాహక కమిటీ ఉండాలి, అందులో కార్మికుల ప్రతినిధులు ఉండాలి అన్నది తర్వాతి క్లాజు. ఆ వెనకే మరొకటి తగిలించారు: తిండి ధర కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోకూడని ఖర్చులు కొన్ని ఉంటాయి, అవి యజమానే భరించాలి.

ఈ చివరి క్లాజును నేను ఒకటికి రెండుసార్లు చదివాను. బజార్లో చిరుధాన్యాలు ప్రియమెందుకు? గింజ ధర వల్ల కాదు. కేంద్రం 2024-25కు హైబ్రిడ్ జొన్నకు కట్టిన మద్దతు ధర క్వింటాలుకు 3,371 రూపాయలు. అంటే కిలో 34 రూపాయల లోపే. దానిమీద రంగుల ప్యాకెట్, దుకాణం అద్దె, ఏసీ కరెంటు, ప్రకటన అన్నీ ఎక్కి మన చేతికొచ్చేసరికి ధర ఎక్కడికో పోతుంది. క్యాంటీన్‌లో ఈ పై ఖర్చుల్లో చాలావరకు వంటకం మీద పడనక్కర్లేదు. చిరుధాన్యాల ఉద్యమం ఇన్నేళ్లుగా ఏ మెట్టు దగ్గర కాలు జారుతోందో, ఆ మెట్టును ఎవరో చట్టకర్తలు తెలియకుండానే తీసేసి పెట్టారు.

కోల్‌బెల్ట్‌కు ఇది రెండు వైపులా వర్తిస్తుంది. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం కార్ఖానాల కిందికి వస్తాయి. బొగ్గుబాయిలకు వేరే నియమాలు, 1955 నాటి మైన్స్ రూల్స్. అక్కడా సంఖ్య 250 దాటడమే, తనిఖీ అధికారి అడిగితే క్యాంటీన్ పెట్టాల్సి ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చి ఈ సంఖ్యను 100కు దించింది, కాంట్రాక్టు కార్మికుల్నీ ఆ లెక్కలో కలిపింది.

ఇంటింటికీ తిరిగి 'బియ్యం తగ్గించండమ్మా' అని చెప్పే పని మంచిదే. కానీ మూడు షిఫ్టులుగా బతికే ఊళ్లో ఇంటి పొయ్యి ఒక్కటే పొయ్యి కాదు. వేల మంది రోజూ చెయ్యి కడుక్కునే చోట, పెట్టే తిండి మీద కార్మికుడికి మాట చెప్పే హక్కు ఉంది. దాన్ని వదిలేసి టెంటు కింద కరపత్రాలు పంచడం నాకు వింతగా అనిపిస్తుంది.

కౌంటరు ముందు

షిఫ్టు మారే వేళ గని క్యాంటీన్ ఎట్లుంటదో ఖనిలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దిగిపోయేవాళ్లు, ఎక్కి వచ్చినవాళ్లు ఒకేసారి కౌంటరు మీద పడతారు. మస్టర్ (హాజరు) పడే టైముకు ముందు చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. పళ్లెం రావాలి, చకచకా తినడం అయిపోవాలి, చాయ్ గ్లాసు ఖాళీ కావాలి. ఇడ్లీ, పూరీ, ఉప్మా ఇక్కడ రాజ్యమేలడానికి రుచి ఒక్కటే కారణం కాదు. అవి పెద్ద ఎత్తున చేయొచ్చు, గబగబా వడ్డించొచ్చు.

జొన్నరొట్టె ఇక్కడే ఓడిపోతుంది. గోధుమపిండిలా సాగే గుణం జొన్నపిండికి లేదు. కాగుతున్న నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే పిండిని మెదిపి, ఉండ చేసి, పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో తట్టుకుంటూ తిప్పాలి. అంచు పగిలితే వేలితో అతకాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దాలి, లేకపోతే ఎండిపోయి విరుగుతుంది. ఒక్కో రొట్టెకు ఒక మనిషి, ఒక పెనం, పూర్తి ధ్యాస. నలుగురున్న ఇంట్లో ఇది కుదురుతుంది. ఐదొందల మందికి కుదరదు. చిరుధాన్యాల సభల్లో వేదిక మీద రొట్టెలు చేసి చూపించేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

మరి ఏది కుదురుతుంది? గటక. కరీంనగర్ పల్లెల్లో పాత తరం తిని పెరిగినదే. జొన్ననో మక్కనో రవ్వగా పట్టించి, మరుగుతున్న ఎసట్లో పోసి కలియబెడితే పెద్ద గుండిగలో ఒకేసారి ఉడుకుతుంది. ఉప్మా చేసే చెయ్యే దీన్నీ చేస్తుంది, అదే గరిటె, అదే పొయ్యి. మజ్జిగ పోసుకుంటే ఒక తిండి, పచ్చిపులుసు పోసుకుంటే మరో తిండి, పక్కన ఉల్లిగడ్డ ఉంటే ఇంకేం కావాలి. తట్టా చెమ్మస్ (బొగ్గెత్తే పార) పట్టిన తొలితరం కోల్ ఫిల్లర్లు ఊళ్లనుంచి వచ్చినప్పుడు వాళ్ల ఒంట్లో ఉన్న బలం ఎక్కువగా ఈ గటకదే. తర్వాత జీతాలు పెరిగాయి, గటక పేదరికానికి గుర్తయి కూర్చుంది, తెల్లన్నం ఎదుగుదలకు గుర్తయింది. ఈ సిగ్గును కరపత్రం పోగొట్టలేదు. జనరల్ మేనేజరూ బదిలీ వర్కరూ ఒకే కౌంటర్లో అదే గిన్నె పట్టుకుంటే కొంత పోవచ్చు.

మూడెకరాల లెక్క

ఒక క్యాంటీన్. ఐదొందల మంది. వారానికి ఒక్క పూట, మనిషికి 60 గ్రాముల జొన్న రవ్వ. వారానికి 30 కిలోలు, ఏడాదికి 1,560 కిలోలు. మెట్ట చేనులో ఎకరాకు ఐదు క్వింటాళ్లు పండుతుందనుకుంటే సుమారు మూడెకరాల పంట.

ఇదే లెక్కను సింగరేణి బొగ్గు కంపెనీ మొత్తానికి వేస్తే? పర్మినెంట్ ఉద్యోగులు దాదాపు 40 వేల మంది, కాంట్రాక్టు కార్మికులు వేరే. ఆ 40 వేల మందికే వారానికో పూట పెడితే ఏడాదికి 125 టన్నుల దగ్గర, అంటే 250 ఎకరాలు. ఇదేమీ వ్యవసాయ విప్లవం కాదు, ఒక ఊరి మెట్ట భూమి అంత. కానీ రైతుకు కావాల్సింది విప్లవం కాదు, ఏటా కొనే ఒక గిరాకీ. జొన్న దూరం నుంచి రానక్కర్లేదు. ఆదిలాబాద్ చేలల్లో యాసంగి జొన్న ఇప్పటికీ పండుతోంది, అమ్ముకోవడమే అక్కడి తంటా.

ఈ కోల్‌బెల్ట్ చరిత్ర ఒక్క పేరాలో కానిచ్చేస్తాను, స్థలం లేదు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు పెట్టారు. 1945లో నిజాం సర్కారు మెజారిటీ వాటాలు కొనేసింది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. గోదావరి ఒడ్డున రామగుండం పక్కన బాయిలు తెరిచాక చుట్టూ ఊళ్ల జనం కూలీలుగా వచ్చారు. 1978లో విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. బొగ్గుతో యూరియా చేసే ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో మూతపడి, గ్యాస్ మీద నడిచే కొత్త రూపంలో 2021లో మళ్లీ ఊపిరి పోసుకుంది. మంచి తిండి గురించి రాయడానికి దేశంలో ఇంతకన్నా తిక్క చోటు దొరకదు.

జహీరాబాద్ చూపిన దారి, దాని హద్దు

తెలుగునాట తిండిని జనం తమ చేతుల్లోకి తీసుకున్న పెద్ద ఉదాహరణ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో మహిళా సంఘాలు, అందులోనూ ఎక్కువమంది దళిత మహిళలు, పాత పంటల విత్తనాలు దాచారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2008లో సంఘం రేడియో పెట్టారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ల వెన్నంటి ఉన్న పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

నాకు జాతర కన్నా 1990ల నడుమ వాళ్లు నడిపిన ప్రత్యామ్నాయ రేషన్ మీద మక్కువ. బీడుపడ్డ భూమి దున్నడానికి, ఎరువు తోలడానికి రైతుకు అప్పిచ్చారు. తీర్చాల్సింది డబ్బుతో కాదు, జొన్నలతో, కొన్నేళ్లపాటు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేశారు. పనులు దొరకని వానాకాలంలో ఊరి పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేద అన్నది ఆఫీసు తేల్చలేదు, ఊరి జనమే నలుగురిలో కూర్చుని తేల్చారు. పండించేదీ, దాచేదీ, తినేదీ ఒకే ఊరు.

దీన్ని తెచ్చి ఖనిలో అచ్చు గుద్దుదామంటే కుదరదు. పస్తాపూర్ చుట్టూ మహిళల చేతిలో ఎర్రనేల ఉంది. ఇక్కడి కుటుంబానికి నెల జీతం ఉంది, క్వార్టరు వెనక గోరుచిక్కుడు పాదుకు సరిపడా జాగా ఉంది, అంతే. చాలా ఊళ్ల చేలు ఓపెన్‌కాస్టు గనుల కింద పోయాయి. ఇక్కడి మనిషి చేతిలో ఉన్నది కొనే శక్తి. దాన్ని ఒక్కచోట కూడగట్టగల గది క్యాంటీన్.

ఇంకో మెలిక ఉంది. 2025 ఉగాది నాడు రాష్ట్ర ప్రభుత్వం రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టింది, మనిషికి ఆరు కిలోలు ఉచితం. పేదింట్లో మంచి అన్నం ఉడకడం మంచి విషయమే, దాన్ని వేలెత్తి చూపేంత మొండివాణ్ణి కాను. కానీ ఉచితంగా వచ్చే సన్నబియ్యంతో ఇంట్లో జొన్న పోటీపడలేదు. క్యాంటీన్‌లో పోటీపడగలదు.

మన ఊరిదైతే చాలా?

స్థానికం అన్న మాటకు అందరం చప్పట్లు కొడతాం. కోల్‌బెల్ట్‌లో నేను కొంచెం ఆగుతాను. కుందనపల్లి వైపు బూడిద చెరువు ఉంది, ఎండాకాలం గాలి లేస్తే బూడిద చేల మీద పడుతోందన్న ఫిర్యాదు పాతదే. టిప్పర్లు తిరిగే రోడ్డు పక్క పాలకూర ఆకు తిప్పి చూస్తే చెయ్యి నల్లబడుతుంది. ఊరికి దగ్గర్లో పండింది కాబట్టి మంచిదని కళ్లు మూసుకుని రాయలేను. కమిటీ ఆకుకూర కొనేటప్పుడు ఏ ఊరు, ఏ నీళ్లు అని అడగాలి, ఏడాదికోసారి ల్యాబుకు పంపించాలి.

సిరిధాన్యాలని పిలిచే చిరుధాన్యాల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ తెలుగు ఉపన్యాసాల వల్ల కొర్రలు, అండుకొర్రలు మన ఇళ్లలో మళ్లీ వినిపించాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గింజలు తింటే ఏ జబ్బయినా పోతుందనే దాకా అభిమానులు వెళ్లినప్పుడు మాత్రం నేను వెనక్కి జరుగుతాను. షుగర్ మాత్ర మానేసి గటక తినమని ఈ కథనం చెప్పడం లేదు.

[పెట్టె] అన్నం, జొన్న, అంకెలు
పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 11 దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష 2021లో వచ్చింది. రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసిమిక్ సూచిక చిరుధాన్యాలకు సగటున 52.7, పాలిష్ బియ్యానికి 71.7. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం. అయితే జొన్నను మెత్తటి పిండి చేసి చక్కెర కలిపి బిస్కెట్ చేస్తే ఈ తేడా చాలావరకు కరిగిపోతుంది.

[పెట్టె] మరిగిన నూనె
మిర్చి బజ్జీ మానమని రాస్తే ఖనిలో నన్ను తిరగనివ్వరు. నూనె సంగతి మాత్రం అడగండి. వేయించగా వేయించగా నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన. రోజుకు 50 లీటర్లకు మించి వాడే వంటశాల లెక్క పుస్తకం రాయాలి. వాడేసిన నూనెను బయోడీజిల్‌కు అమ్మే ఏర్పాటు కూడా ఉంది.

[పెట్టె] ములుకనూరు
పాత కరీంనగర్ జిల్లాలోనే ఇంకో పాఠం. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన ములుకనూరు సహకార సంఘం ఇంకా నడుస్తోంది. అక్కడి మహిళల సహకార డెయిరీ పాలు 'స్వకృషి' పేరుతో వస్తాయి. క్యాంటీన్‌కు పెరుగు కొనేటప్పుడు ఈ పేరు గుర్తుంచుకోవచ్చు.

ఎవరు అడగాలి?

2023 డిసెంబర్ 27న జరిగిన సింగరేణి కార్మిక సంఘాల గుర్తింపు ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. రామగుండం ఒకటి, రెండు ఏరియాలూ దానివే, మూడో ఏరియాలో ఐఎన్‌టీయూసీ. గేటు మీటింగుల్లో క్యాంటీన్ మాట వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా సరుకుల నాణ్యత, శుభ్రత, ధర. వడ్డించేది ఏమిటన్నది ఎజెండాలోకి రావడం అరుదు. ఆహార భద్రతా సంస్థ 'ఈట్ రైట్ క్యాంపస్' పేరుతో పనిచోట్ల వంటశాలలకు నక్షత్రాలు ఇస్తోంది. యాజమాన్యాన్ని ఒప్పించడానికి సంఘాలకు అది పనికొచ్చే కాగితం.

మొదటి అడుగు వేసవిలో వేస్తే తేలిక. రామగుండం ఎండ గురించి రాష్ట్రానికంతా తెలుసు, 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కూడా కాదు. ఓపెన్‌కాస్టుల్లో ఎండాకాలం మజ్జిగ ప్యాకెట్లు పంచే ఏర్పాటు ఎలాగూ ఉంది. అవి తెచ్చే బండిలోనే అంబలి డ్రమ్ము ఎక్కించడానికి కొత్త పథకం అక్కర్లేదు, టెండరులో ఒక లైను చాలు. చిక్కల్లా ఒకటే: అంబలికి పిండి ముందురోజు రాత్రే కలిపి పులవబెట్టాలి. తీర్మానం చేసేది కమిటీయే అయినా, పని పడేది నైట్ షిఫ్టు వంటవాళ్ల మీద. వాళ్లకు ఒక మనిషిని అదనంగా ఇస్తారా, ఓవర్‌టైమ్ కడతారా అన్నది తీర్మానంలోనే రాసుకోవాలి.