ఇంటి కాగితములు: ఏవి దాచవలెను? ఏవి తీసివేయవచ్చును?

పల్లెలలో పెక్కు ఇండ్లయందు దస్తావేజులు, పన్ను రసీదులు, ఎరువుల కొట్టు చీటీలు, శుభలేఖలు, తాతలనాటి ఉత్తరములు ఒకే ట్రంకుపెట్టెలో కలసియుండును. చెదలు పట్టినను, వరద వచ్చినను అన్నియు ఒక్కసారే నశించును. కనుక ఫోనుతో గాని, స్కానరుతో గాని వానికి ప్రతులు తీసి భద్రపరచుకొనుట మేలు. అయితే ప్రతి యున్నదికదా యని అసలును పారవేయుట ప్రమాదము.

కేంద్రప్రభుత్వము 2015లో డిజిలాకరు అను సదుపాయమును ప్రారంభించినది. ప్రభుత్వ శాఖలు నేరుగా అందులో జారీచేసిన పత్రములు, 2017 నాటి నిబంధనల ననుసరించి, అసలు పత్రములతో సమానముగా చెల్లును. మనము ఫొటో తీసి చేర్చిన ప్రతులకు ఆ విలువ లేదు. కావున రిజిస్టరు దస్తావేజు, వీలునామా, ప్రోనోటు వంటివాని అసలు కాగితములను తప్పక దాచవలెను. లావాదేవి పూర్తిగా ముగిసి, తగాదాకు తావులేని చీటీలను ప్రతి తీసిన పిమ్మట తీసివేయవచ్చును.

ఇక పాత ఉత్తరములు, ఫొటోల విషయము. ఫొటోలో నున్నవారెవరో పెద్దల నడిగి, పేర్లు, సంవత్సరము ముందుగా వ్రాసికొనవలెను. పేరు లేని ఫొటో మనుమలకు పరాయివారి బొమ్మయే యగును. ప్రతులను ఫోనులోనే గాక మరియొకచోట కూడ నుంచవలెను.

పంచాయతీ సభ్యులు ఈ సంగతులను గ్రామసభలో వివరింపవలెను. ముఖ్యముగా చదువురానివారు ఇతరుల సాయముతో ఈ పని చేయించుకొనునపుడు, అసలు కాగితములను వెంటనే తిరిగి తీసికొనునట్లును, ఓటీపీని ఎవ్వరికిని చెప్పకుండునట్లును హెచ్చరింపవలెను.