పొగంటే కాలని కట్టే

కట్టెల పొయ్యికి పొగ తప్పదని చాలామంది నమ్మకం. నిజానికి పొగంటే పూర్తిగా కాలకుండా తప్పించుకుపోయిన కట్టే. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. మంట వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. కట్టెలోంచి వెలువడే వాయువులు అంటుకోక, పొగై, మసై గోడలకూ గిన్నెలకూ ఊపిరితిత్తులకూ పడతాయి. కట్టెను చీల్చి, వానకు తడవకుండా, గాలి ఆడేలా పేర్చి కొన్ని నెలలు ఆరబెడితే తేమ 20 శాతం లోపుకు దిగుతుంది. పొయ్యి నిండా కట్టెలు కుక్కినా మంట పెరగదు. గాలికి దారి మూసుకుపోయి పొగే పెరుగుతుంది. సన్నటి కట్టెలు రెండు మూడు పెట్టి, కింద ఖాళీ ఉంచి, బూడిద ఎప్పటికప్పుడు తీస్తే ఊదుగొట్టంతో పనే తగ్గుతుంది.

గ్యాస్ వచ్చాక ఈ మాటలెందుకని అడగవచ్చు. 2016లో మొదలైన ఉజ్వల పథకం పేద ఇళ్లకు సిలిండర్ చేర్చింది, అది గొప్ప మేలు. కానీ మళ్లీ సిలిండర్ కొనడం భారమై, స్నానాల నీళ్లకీ ఎక్కువసేపు ఉడికేవాటికీ కట్టెలే వాడే ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మన అమ్మమ్మలు వండలేదా అనేవారూ ఉన్నారు. వండారు, ఆ పొగకు దగ్గుతో, ఆయాసంతో బాధపడిందీ వాళ్లే. ఎండుకట్టె పొగను తగ్గిస్తుంది గాని పూర్తిగా పోగొట్టదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఎర్రటి నిప్పుల నుంచి కూడా వస్తుంది. అందుకే పొగగొట్టం పెట్టించండి, కిటికీ తెరిచి ఉంచండి, పసిపిల్లలను పొయ్యికి దూరంగా కూర్చోబెట్టండి. నిప్పులున్న కుంపటిని మాత్రం తలుపులు మూసిన గదిలో ఎన్నడూ ఉంచకండి.