మీసము, గడ్డము: సాదలి సీమ నుండి ఒక పరిశీలనము

మనుష్యుని ముఖమున మొలచు రోమము ప్రకృతి యిచ్చినది. దానిని పెంచవలెనా, దిద్దవలెనా, తీయవలెనా అను నిర్ణయము సంఘము చేయునది. ఏ వయస్సున, ఏ సందర్భమున, ఎవరిచే తీయించుకొనవలెనో ఆచారము విధించినది. కావున మీసగడ్డముల చరిత్ర కేవలము అలంకారమునకు చెందినది కాదు. మర్యాదకును, అధికారమునకును చెందినది. తెలుగు కన్నడములు రెండును కలసి వినవచ్చు సాదలి సీమ యీ విషయమును పరిశీలించుటకు అనువైన చోటు. కర్ణాటక రాష్ట్రమున శిడ్లఘట్ట తాలూకాకు చెందిన యీ గ్రామమును, పొరుగున నున్న బాగేపల్లి, చింతామణి తాలూకాలును 2007 వరకు కోలారు జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినవి.

పలుకుబడులు

తెలుగు 'మీసము', కన్నడ 'మీసె', తమిళ 'మీశై' ఒకే ద్రావిడ మూలమునకు చెందిన మాటలు. 'గడ్డము' అను మాట తెలుగున చుబుకమునకును, దానిపై మొలచు వెండ్రుకలకును చెల్లును. అయితే పలుకుబడిలో ఈ రెంటి దారులు వేరు. మీసము పౌరుషమునకు గుర్తు. నూగుమీసము యౌవనారంభము, మీసము మెలివేయుట సవాలు. గడ్డమో, వేడికోలుకు తావు. 'గడ్డము పట్టుకొని బతిమాలుట' యిప్పటికిని వాడుకలో నున్నది. పొట్టకు లేకున్నను పైమెరుగులకు పోవువానిని 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' అని గ్రామస్థులు పరిహసింతురు. మీసమును మర్యాదగా నెంచిన సంఘమే యిట్టి సామెతను కల్పింపగలదు.

విధియు వ్రతమును

గృహ్యసంస్కారములలో కేశాంతము ఒకటి. దీనికే గోదానమని మరియొక పేరు. బాలునికి తొలిసారి గడ్డము గీయించు సంస్కారమిది. మనుస్మృతి దీనిని బ్రాహ్మణునకు పదునారవ యేట, క్షత్రియునకు ఇరువది రెండవ యేట, వైశ్యునకు ఇరువది నాలుగవ యేట విధించినది. భార్య గర్భవతిగా నున్నపుడు భర్త క్షౌరము మానుట, తల్లిదండ్రులు గతించినపుడు కర్మ చేయు కొడుకు తలయు మీసమును తీయించుకొనుట, తిరుమలలో తలనీలాలు సమర్పించుట, అయ్యప్ప దీక్షలో నలువదియొక్క దినములు గడ్డము పెంచుట మొదలైనవన్నియు ఈ వరుసలోనివే. వీనిలో కొన్నింట రోమమును విడుచుట, కొన్నింట నిలుపుట కలదు. ఏ విధమైనను, ఆ వ్యక్తి తన బంధమునకో, భక్తికో తానై లోబడి చేయు పని యగుటచే దానియందు అవమానము లేదు.

ఈ కార్యములకు క్షౌరవృత్తివారే ఆధారము. ఆంధ్రదేశమున నాయీబ్రాహ్మణులనియు, కర్ణాటకమున సవితా సమాజమనియు వ్యవహరింపబడు వీరు మంగళవాద్యములను వాయించుటలోను, నాటు వైద్యమునందును ప్రసిద్ధులు. పన్నెండుగురు ఆయగాండ్రలో నొకరుగా పంటకాలమున ధాన్యరూపమున ప్రతిఫలము పొందెడివారు. పెండ్లికొడుకును పీటకు సిద్ధపరచునది వీరి చేయి. కర్త మైల తీరుటకు కావలసినదియు వీరి చేయియే. అయినను సంఘము వీరిని చిన్నచూపు చూచినది. పలు గ్రామములలో అస్పృశ్యులని యెంచబడినవారికి క్షౌరము చేయరాదను కట్టడి యుండుటచే, మంగలికత్తి కూడ కులమునకు కంచె యైనది.

రెండు రూపములు

ఈ సీమలో మీసగడ్డములకు రెండు ఆదర్శములు కనవచ్చును. ఒకటి వీరరూపము. బాగేపల్లి తాలూకాలోని గుమ్మనాయకనపాళ్యమును, చిక్కబళ్ళాపురమును ఏలిన పాళెగాండ్ర నేల యిది. బాగేపల్లికి పడమటనున్న లేపాక్షిలో కొలువైన వీరభద్రుని జనులు కోరమీసములతో భావింతురు. రాముని, కృష్ణుని సాధారణముగా మీసము లేకయే చిత్రింతురు; మదరాసు తిరువల్లిక్కేణిలోని పార్థసారథి మూలమూర్తికి మీసముండుట విశేషము. రెండవది యోగిరూపము. 1726లో జన్మించి తెలుగు కన్నడములలో తత్త్వములు చెప్పిన కైవార నారాయణప్ప, అనగా కైవార తాతయ్య, మొదట గాజుల వర్తకుడు. చింతామణి తాలూకాలోని కైవారమున భక్తులు కొలుచు చిత్తరువులలో ఆయన నెరిసిన గడ్డముతో కనుపించును. ఇచట గడ్డము సంసారమును దాటిన వార్ధక్యమునకు గుర్తు.

అయితే నేటి చిత్తరువులను చూచి పూర్వకాలమును నిర్ణయింపరాదు. నాటకములలో, చలనచిత్రములలో శ్రీకృష్ణదేవరాయలకు మీసము తప్పనిసరి. తిరుమల ఆలయమున ఇరువురు రాణులతో నిలిచిన ఆయన లోహప్రతిమ ముఖమో, నున్ననిది. పరాక్రమమునకు మీసమే ప్రమాణమను భావము అన్ని కాలముల రాజులకు చెల్లదని దీనివలన తెలియుచున్నది.

వేలూరు సాక్ష్యము

ఈ సీమకు ఆగ్నేయమున నున్న వేలూరు కోటలో జరిగిన ఉదంతము ఈ చరిత్రలో ముఖ్యమైనది. 1805 నవంబరులో మదరాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రడాక్ క్రొత్త నిబంధనలను వెలువరించెను. సిపాయిలు కవాతునకు గడ్డము నున్నగా గీయించుకొని రావలెను. మీసములు అందరికిని ఒకే తీరున కత్తిరింపబడవలెను. నొసట కులచిహ్నములు, చెవులకు పోగులు ఉండరాదు. తోలు కుచ్చుగల క్రొత్త తలపాగాను ధరింపవలెను. ఆ సైన్యమున తెలుగువారు పెక్కురు. బెంగాలు వైపున సిపాయికి 'తిలంగా' అను పేరు వచ్చుటయే వారి ప్రాచుర్యమునకు సాక్ష్యము. హిందువులకు నొసటి బొట్టు, మహమ్మదీయులకు గడ్డము మతధర్మముతో ముడివడినవి. 1806 మే నెలలో తలపాగాను నిరాకరించిన సిపాయిలను కొరడాలతో శిక్షించిరి. జూలై 10వ తేదీన తెల్లవారక మునుపే కోటలో తిరుగుబాటు చెలరేగినది. నూరుగురికి పైగా ఆంగ్ల సైనికులు మరణించిరి. ఆర్కాటు నుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి కోటను తిరిగి పట్టుకొనగా, హతులైన సిపాయిలు వందలకొలది. దేవనహళ్ళిలో జన్మించిన టిప్పు సుల్తాను కుమారులు ఆ కోటలోనే నిర్బంధములో నుండుటయు ఈ కలతకు ఒక కారణమని చెప్పుదురు. తుదకు ఆ నిబంధనలు రద్దయ్యెను. క్రడాక్‌ను, గవర్నరు విలియం బెంటింకును వెనుకకు పిలిపించిరి.

తల్లిదండ్రుల కర్మలో మారు పలుకక మీసము తీయించుకొను జాతియే, అధికారి యాజ్ఞతో దానిని కత్తిరింపుమనగా ప్రాణములకు తెగించినది. పోయిన రోమము రెండు చోట్లను ఒక్కటే. తీయించుకొన్నవాని సమ్మతి యందే భేదమున్నది.

ఇట్టి బలవంతము ఇతర దేశములలోను కలదు. రష్యా చక్రవర్తి పీటరు 1698లో పశ్చిమదేశముల నుండి మరలివచ్చి ప్రభువుల గడ్డములను కత్తిరించెను. పిమ్మట గడ్డము నిలుపుకొన గోరువారిపై పన్ను విధించి, చెల్లించినవారికి లోహపు బిళ్ళ నిచ్చు ఏర్పాటు చేసెను. మన దేశమున నేటికిని ఈ బాధ సమసిపోలేదు. 2017లో గుజరాతు రాష్ట్రమున గాంధీనగరు చెంతనున్న లింబోదర గ్రామములో మీసము పెంచిన దళిత యువకులపై దౌర్జన్యము జరిగెనని ఫిర్యాదులు వచ్చినవి. ఆ పిమ్మట ఎందరో దళితులు మీసము చిత్రములను ప్రదర్శించి తమ నిరసనను తెలిపిరి.

సాదలి సీమలో క్షౌరవృత్తికి, మొక్కుబడులకు, కర్మలకు సంబంధించిన తెలుగు కన్నడ పదములను వృద్ధుల నోట విని వ్రాసికొనుట మేలు. అందు కత్తి పట్టినవారి మాటలకును, ఆ కత్తి నిరాకరింపబడినవారి మాటలకును సమానమైన స్థానముండవలెను.