నోట్‌బుక్ ఖాళీగా ఉంటే చదువు సాగనట్టేనా?



నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులు పేరెంట్-టీచర్ మీటింగ్‌లో తరచుగా అడిగే ప్రశ్న ఇది: "పక్కింటి పాప అప్పుడే అఆలు రాసేస్తోంది. మావాడేమో స్కూల్లో చెక్క దిమ్మెలు, పూసలు పట్టుకుని కూర్చుంటున్నాడట. రాయడం ఎప్పుడు నేర్పుతారు?" మీ ఆందోళన సహజమే. ఆ దిమ్మెలతో, పూసలతో ఏం జరుగుతోందో చెబుతాం, చదవండి.

ఈ పద్ధతికి ఆద్యురాలు మరియా మాంటిస్సోరి. ఆమె ఇటలీకి చెందిన డాక్టరు. 1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేదల వాడలో తొలి 'బాలల గృహం' ప్రారంభించారు. నచ్చిన వస్తువును ఎంచుకోనిస్తే చిన్న పిల్లలు కూడా ఒకే పనిని ఎంతో శ్రద్ధగా, పదేపదే చేస్తారని అక్కడ గమనించారు. 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయారు. కాబట్టి ఇది నిన్నమొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు.

ఇక దిమ్మెల సంగతి. ఒక పొడవాటి చెక్క దిమ్మెలో పది గుంతలుంటాయి. వాటిలో పది సైజుల గుండ్రని ముక్కలు, ఒక్కోదానికి పైన చిన్న పిడి. అన్నీ బయటికి తీసి, కలిపేసి, మళ్లీ దేని గుంతలో దాన్ని పెట్టాలి. ఒకటి తప్పు చోట పెడితే చివర్లో ఇంకొకటి పట్టదు. "తప్పు" అని ఎవరూ అనక్కర్లేదు, పిల్లలే చూసి సరిచేసుకుంటారు. ఆ పిడిని పట్టుకునేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో. రేపు పెన్సిల్ పట్టుకునేదీ ఆ మూడు వేళ్లతోనే!

తర్వాత గరుకు అక్షరాలు. అట్ట మీద గరుకు కాగితంతో అతికించిన అక్షరాన్ని వేళ్లతో తడుముతూ దాని శబ్దం పలుకుతారు. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి మనం వేలితో దిద్దించేదీ ఇలాగే కదా! లెక్కలూ అంతే. ఒకటి అంటే ఒక పూస, పది అంటే పూసల కడ్డీ, వంద అంటే పలక, వెయ్యి అంటే పెద్ద ఘనం. వెయ్యి ఎంత పెద్దదో చేతికే తెలుస్తుంది.

పిల్లల ఇష్టం అంటే ఇష్టారాజ్యం కాదు. టీచర్ చేసి చూపించిన వాటిలోంచే ఎంచుకోవాలి. పని అయ్యాక వస్తువును తీసిన చోటే పెట్టాలి. ఇంకొకరి చేతిలో ఉంటే తన వంతు వచ్చేదాకా ఆగాలి.

వేళ్లు సిద్ధం కాకముందే పేజీలు నింపించడం మొదలుపెడితే చేతులు నొప్పి పుడతాయి, రాయడమంటేనే విసుగొస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దశలో ఆటలు, కృత్యాల ద్వారానే నేర్పాలంటోంది. అందరు పిల్లలూ ఒకే నెలలో రాయరు. మీకు ఏదైనా సందేహం ఉంటే పక్కింటి పాపతో పోల్చకుండా ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి.

ఈ నెల ఇంట్లో ఇవి చేయించండి:

• చిన్న చెంబుతో గ్లాసులోకి నీళ్లు వంచుకోనివ్వండి. ఒలికితే కోప్పడకుండా గుడ్డ చేతికివ్వండి.
• ఉతికిన రుమాళ్లు మడతపెట్టమనండి. వంకరగా ఉన్నా వాళ్ల ముందే మళ్లీ సర్దకండి.
• బఠాణీలు ఒలిచే పని ఇవ్వండి, పక్కనే ఉండండి. చిన్న గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే ప్రమాదం ఉంది.
• పది నిమిషాలు ముందు నిద్రలేపి, చొక్కా గుండీలు తననే పెట్టుకోనివ్వండి. అమ్మమ్మ, నానమ్మలకూ ఈ మాట చెప్పండి!

వచ్చే మీటింగ్‌లో "ఎన్ని పేజీలు రాశాడు?" అని కాకుండా "ఈ మధ్య ఏ పని ఎక్కువసేపు చేస్తున్నాడు?" అని అడిగి చూడండి. మీ బాబు గురించి, మీ పాప గురించి టీచర్ మీకు చాలా చెప్పగలుగుతారు.