సాన పట్టక్కర్లేని కత్తి

ఉండి సెంటర్లో ఏ సెలూన్‌లో కూర్చున్నా, గడ్డం పని మొదలయ్యే ముందు చిన్న చప్పుడొకటి వినిపిస్తుంది. కుర్చీ వెనకాలాయన కొత్త బ్లేడును కాగితం విప్పకుండానే నిలువునా మడిచి, రెండు బొటనవేళ్లతో ఒక్క నొక్కు నొక్కుతాడు. టక్కుమని రెండు ముక్కలవుతుంది. ఒక సగం పిడిలో బిగిస్తాడు, రెండో సగాన్ని తర్వాత వచ్చేవాడి కోసం పక్కన పెడతాడు. మామూలు రేకుముక్కని అలా మడిస్తే మడతపడి ఊరుకుంటుంది. బ్లేడు మాత్రం కొంత దూరం వంగి, ఆపైన ఫట్టున విరుగుతుంది. మందం మిల్లీమీటరులో పదో వంతు. ఉక్కులో 13 శాతం దాకా క్రోమియం, ఒక శాతంలోపు కార్బన్ కలిపి, వెయ్యి డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చితే వచ్చే గట్టిదనం అది. గట్టిదనం ఎంత పెరిగితే పెళుసుదనమూ అంత వెంట వస్తుంది. ఆ చప్పుడు పెళుసుదనానిదే.

తమాషా ఏమిటంటే, ఈ బ్లేడు పుట్టిందే ఆ కుర్చీ వెనకాలాయనతో పని లేకుండా చేద్దామని.

అంతకు ముందంతా మడత కత్తి రాజ్యం. గడ్డం గీయడం ఒక విద్య అయితే, కత్తి పదును నిలబెట్టడం అంతకు మించిన విద్య. సానరాయి మీద పట్టాలి, తోలు పటకా మీద అటూ ఇటూ నూరాలి, అయినా నాలుగు గడ్డాలకే అంచు మొద్దుబారుతుంది. అందుకే మన పల్లెల్లో నాయీబ్రాహ్మణుడు పొదితో అరుగు దగ్గరికి వచ్చేవాడు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని మేర అతనికి పక్కన పెట్టేవారు. ఊరు ఇచ్చిన ఆ గింజల్లో సగం చేతివాటానికైతే సగం పదునుకి అనే నేనంటాను. ఇంట్లో ఎవరికి వారు గీసుకోలేకపోయింది చెయ్యి తిరగక మాత్రమే కాదు, కత్తిని సిద్ధంగా ఉంచలేక.

చెయ్యి తిరగకపోవడానికి మందు ముందే దొరికింది. 1760లలో జాన్ జాక్ పెరే అనే ఫ్రెంచి కత్తులవాడు మడత కత్తికి చెక్క తొడుగు వేసి, అంచు కొద్దిగా మాత్రమే బయటికి కనిపించేలా చేశాడు. 1847లో ఇంగ్లండులో విలియం హెన్సన్ అనే ఆయన ఇంకో అడుగు వేసి, పిడికి అడ్డంగా అలుగు పెట్టి, మన పారలా ఉండే రేజరుకు పేటెంటు తీసుకున్నాడు. ఈయన అంతకు ముందు ఆవిరితో ఎగిరే విమానం కట్టాలని ఊరంతా హడావిడి చేసిన మనిషి. విమానం ఎగరలేదు గానీ ఆ పార ఆకారం ఇప్పటికీ మన చేతిలో ఉంది. 1880లో న్యూయార్కులో కాంఫే సోదరులు ‘సేఫ్టీ రేజర్’ అన్న మాటతో పేటెంటు పొందారు. కానీ వీటన్నిటిలో అలుగు పాతదే. దాన్ని తీసి సాన పట్టాల్సిందే.

అసలు చిక్కుముడి విప్పినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. ఈయన ఇంజినీరు కాదు, ఊళ్లు తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్. ఆయన అమ్మిన సరుకు సోడాబుడ్డి మూత. గోలీ కాదు, లోపల బెండుబిళ్ల ఉండే రేకు మూత. ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడట: జనం వాడి పారేసి మళ్లీ మళ్లీ కొనే వస్తువేదైనా ఆలోచించు అని. 1895లో ఒక ఉదయం మొద్దుబారిన కత్తితో గడ్డం గీసుకోబోతూ జిల్లెట్‌కు అది తట్టింది. కత్తిలో పని చేసేది అంచు ఒక్కటే అయినప్పుడు మిగతా ఇనుమంతా ఎందుకు? రేకంత పలచని ఉక్కుకి రెండు వైపులా అంచు పెట్టి, మొద్దుబారగానే పారేస్తే సరి.

చెప్పడం తేలిక. పలచటి ఉక్కు రేకుని కాల్చి చల్లార్చితే అప్పడంలా మెలికలు తిరుగుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అదే ఎం.ఐ.టి.లో లోహాలు తెలిసినవాళ్లు ఇది కుదరని పని అన్నారు. చివరికి అక్కడే చదివిన విలియం నికర్సన్ చేతిలో పడ్డాక రేకుని మెలిక పడకుండా గట్టిపరిచి, యంత్రం మీద అంచు పెట్టే పద్ధతి కుదిరింది. 1901లో కంపెనీ పెట్టారు. 1903లో అమ్మకం మొదలైతే ఏడాది మొత్తం మీద పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్లే 90 వేలు దాటాయి. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక ఆ ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు కొన్నది. ఇంటికి తిరిగొచ్చిన సిపాయిలకు పొద్దున్నే గడ్డం గీసుకోవడం అలవాటైపోయింది.

రేజరు చవగ్గా ఇచ్చి బ్లేడ్ల మీద లాగడం జిల్లెట్ కనిపెట్టిన వ్యాపార సూత్రమని అందరూ అంటారు. మొదట అలా లేదు. మొదటి సెట్టు ధర 5 డాలర్లు, అప్పటి కార్మికుడి వారం కూలిలో దాదాపు సగం. 1921లో పేటెంటు గడువు తీరి, పోటీవాళ్లు తయారయ్యాకే రేజరు చవకైంది. ఇంకో విడ్డూరం కూడా ఉంది. పోటీ వ్యాపారమే మనిషి కష్టాలకు మూలమని, దేశమంతటికీ ఒకే కంపెనీ చాలని, జనమంతా నయాగరా జలపాతం కరెంటుతో నడిచే ఒకే మహానగరంలో ఉండాలని 1894లో పుస్తకం రాసినవాడు ఈ జిల్లెట్టే. నగరం రాలేదు, ఆయన మొహం మాత్రం బ్లేడు కాగితం మీద ప్రపంచమంతా తిరిగింది.

మన ఇళ్లలో అటక మీద, తాతగారి ట్రంకు పెట్టెలో ఇంకా దొరికే రేజరు సెట్టు దాదాపుగా ఆయన నమూనానే. మూడే ముక్కలు: పైన వంపు తిరిగిన టోపీ, కింద పళ్లున్న చట్రం, మర ఉన్న పిడి. బ్లేడును మధ్యలో పెట్టి పిడి బిగిస్తే, టోపీ బ్లేడును వంచి పట్టుకుంటుంది. కిటుకంతా ఆ వంపులోనే ఉంది. చదునుగా ఉంటే పలచటి రేకు వెంట్రుక తగలగానే అదురుతుంది. వంపు పెట్టగానే బిర్రబిగుస్తుంది. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్లకి అలల రేకు వేసేదీ అందుకే.

అలాంటి సెట్టు దొరికితే చింతపండుతోనో బూడిదతోనో తోమకండి. లోపలిది ఇత్తడే గానీ పైన నికెల్ పూత ఉంటుంది, అది కాస్తా పోతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్షు చాలు. మరల్లో పేరుకున్న పాత సబ్బు నానితే ఊడొస్తుంది. ఆరాక స్పిరిటుతో తుడిస్తే మంచిది. తర్వాత చూడాల్సినవి పిడి మెడ దగ్గర చీలిక ఉందా, చట్రం పళ్లు వంగాయా, బ్లేడు బిగించాక రెండు వైపులా అంచు సమానంగా కనబడుతోందా అన్నవి. ఒక పక్క ఎక్కువ బయటికొస్తే ఆ పక్క తప్పకుండా కోస్తుంది. సెట్టు ఎంత పాతదైనా ఫరవాలేదు, బ్లేడు మాత్రం కొత్తదే వేయాలి.

ఇక నీళ్లు. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి గానీ నురగ రానివ్వవు. బ్రష్షు ఎంత తిప్పినా నురగ రాలేదని సబ్బుని తిట్టుకునేవాళ్లని చూశాను. తప్పు సబ్బుది కాదు. ఒక గ్లాసుడు కాలువ నీళ్లో, మంచినీళ్ల చెరువు నీళ్లో కాచి తెచ్చుకోండి, అదే సబ్బు పొంగుకొస్తుంది. నురగ కన్నా ముఖ్యం తడి. వెంట్రుకలోని కెరటిన్ పోగుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీటికి సడలుతాయి, వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది. రెండు మూడు నిమిషాలు పడుతుంది. ద్వారకా తిరుమల కేశఖండనశాలలో తల ముందు బాగా తడిపి, అరచేత్తో మర్దించాకే బ్లేడు పెడతారు. చిన్నతిరుపతి మొక్కులు తీర్చుకున్న ఈ ప్రాంతం వాళ్లందరికీ ఆ చేతి వాటం నెత్తి మీద గుర్తే.

ప్లాస్టిక్ రేజరుకు అలవాటుపడ్డ చెయ్యి మొదట చేసే పొరపాటు నొక్కడం. ఈ సెట్టు ఇత్తడిది, దాని బరువే దానికి చాలు. పిడి చివర పట్టుకుని, టోపీని చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒక చోట అంచు వెంట్రుకను అందుకుంటుంది. చర్మానికి బ్లేడు సుమారు 30 డిగ్రీల వాలులో ఉన్నట్టు లెక్క. చిన్న చిన్న గీతలు, వెంట్రుక వాలు వెంబడే. మెడ కింద వాలు ఒక్కొక్కరికి ఒక్కో తీరు, ముందు రోజు వేలితో తడిమి చూసుకోవాలి. సెలూన్లో రెండో కోటింగు అడిగినట్టు ఇంట్లో మొదటి వారమే ఎదురు గీత మొదలుపెట్టకండి. మీసం మీద మక్కువ ఉన్నవాళ్లు (మా వైపు లేనివాళ్లెవరు?) దాని అంచుల జోలికి చెయ్యి కుదిరాకే పోవడం మంచిది. చివర చన్నీళ్లు, పటిక ముక్క. పటికలోని అల్యూమినియం లవణం చిన్న గాట్ల దగ్గర మాంసకృత్తుల్ని గడ్డకట్టించి నెత్తురు ఆపుతుంది. మండిందంటే అక్కడ నొక్కి గీశారన్నమాట.

ఉక్కు కంటే వెంట్రుక యాభై రెట్లు మెత్తన. మరి నాలుగైదు గడ్డాలకే బ్లేడు ఎందుకు పాడవుతుంది? అంచు అరిగి గుండ్రబడుతుందని చాలాకాలం అనుకున్నారు. మళ్లీ ఆ ఎం.ఐ.టి.లోనే జాన్‌లూకా రొషోలీ, జెమ్ తసాన్, వాళ్ల సహచరులు 2020లో సైన్స్ పత్రికలో దీనికి జవాబు రాశారు. రొషోలీ తన గడ్డమే గీసుకుంటూ, ప్రతిసారీ బ్లేడు అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అరుగుదల పెద్దగా లేదు, అంచు అక్కడక్కడ పెచ్చులూడింది. మైక్రోస్కోపు లోపలే వెంట్రుకలు కోసే చిన్న యంత్రం పెట్టి చూస్తే, వెంట్రుక నిటారుగా ఎదురైనప్పుడు అంచుకు ఏమీ కాలేదు. ఏటవాలుగా తగిలి, పక్కకు వంగే వీలు దొరికినప్పుడు, అది కూడా ఉక్కు లోపలి నిర్మాణం ఒకే తీరుగా లేని చోట, చిన్న పెచ్చు లేచిపోయింది. సెలూన్లో బ్లేడును టక్కుమని విరిచే పెళుసుదనమే కంటికి కనబడని కొలతలో అంచునీ విరుస్తోంది.

మన తాతల నాటి బ్లేడుకి ఇంకో శత్రువు తుప్పు. అది మామూలు కార్బన్ ఉక్కు. చుట్టూ చెరువులూ కాలువలూ కొల్లేరు గాలీ ఉన్న చోట తెల్లారేసరికి తుప్పు మచ్చ వేసేది. తుడిచి నూనె రాసి దాచేవారు. మొద్దుబారితే గాజు గ్లాసు లోపలి గోడకు రుద్ది ఇంకో రెండు గడ్డాలు లాగేవారు. వాడి పారేయమని జిల్లెట్ చెబితే, మనవాళ్లు దాన్నీ సాన పట్టారు! 1960ల మొదట్లో బ్రిటన్‌లో విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ, అంచు మీద జారుడు పూతతో, తుప్పు పట్టని బ్లేడును అమ్మకానికి తెచ్చాక ఆ అవసరం తగ్గింది. మన కిళ్లీకొట్లలో టోపాజ్, పనామా, సెవెనోక్లాక్ వేలాడాయి. వాడేసిన బ్లేడు పెన్సిళ్లు చెక్కింది, కుట్లు విప్పింది. కొత్త బ్లేడైతే కాన్పు కిట్లో చేరి పల్లెల్లో బొడ్డు కోసింది.

1970ల నుంచి రెండు బ్లేడ్లు, ఆపైన మూడు, అయిదు బ్లేడ్ల కార్ట్రిడ్జులు వచ్చాయి. అవి ఇక్కడ తడబడిన కథ ఒకటుంది. జిల్లెట్ కంపెనీ మన దేశం కోసం ఒక రేజరు తయారుచేసి, ఎం.ఐ.టి.లో చదివే భారతీయ విద్యార్థుల మీద పరీక్షించింది. వాళ్లు భేష్ అన్నారు. ఇక్కడికొచ్చాక అది వెంట్రుకలు ఇరుక్కుని మూసుకుపోయింది. ఎం.ఐ.టి. కుర్రాళ్లకు కుళాయి ధార ఉంది. ఇక్కడ మనిషి నేల మీద కూర్చుని, చిన్న అద్దం గోడకు ఆనించి, ఒక చెంబెడు నీళ్లలో పని కానిస్తాడు. తర్వాత ఆ కంపెనీవాళ్లు మన ఇళ్లకు వచ్చి కూర్చుని చూసి, 2010లో ఒకే బ్లేడున్న 15 రూపాయల రేజరు తెచ్చారు. నూరేళ్లు తిరిగి మళ్లీ ఒంటి బ్లేడు దగ్గరికే చేరారు.

సెలూన్ సంగతి వేరు. అక్కడ మడత కత్తిని సాగనంపింది ఎయిడ్స్, హెపటైటిస్ భయాలు. ఒకే అలుగు ఊరందరి చెంపల మీదా తిరగడం ప్రమాదమని ఊరూరా ప్రచారం జరిగాక, ‘కొత్త బ్లేడు వెయ్యండి’ అనడం కుర్చీలో కూర్చునే ప్రతివాడి హక్కయింది. సానరాయి అటకెక్కింది. పదును ఫ్యాక్టరీ నుంచి కాగితంలో చుట్టుకొస్తోంది, చేతివాటం మాత్రం ఆయనదే.

ఇంట్లో గీసుకునేవారికి లెక్క తేలిక. టీ డబ్బులకు రెండు మూడు బ్లేడ్లు వస్తాయి, ఒక్కోటి నాలుగైదు గడ్డాలకు ఢోకా లేదు. గీసుకున్నాక నీళ్లు విదిలించి ఆరనివ్వండి, అంచును తువాలుతో తుడవకండి. పాత బ్లేడ్ల దగ్గరే జాగ్రత్త కావాలి. ఒకప్పటి అమెరికా ఇళ్లలో అద్దం వెనక గోడలోకి చిన్న చీలిక ఉండేది, వాడిన బ్లేడు అందులో పడేస్తే గోడ కడుపులోకి పోయేది. ఇల్లు పడగొట్టినవాడికి ఆ కుప్ప దొరికేది. మన దగ్గర కాలువ గట్టు మీద విసిరితే వరినాట్లకు దిగే వాళ్ల పాదాల్లో దిగుతుంది. మూత బిగిసే రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకు సన్నటి చీలిక పెట్టుకోండి. నిండేసరికి ఏళ్లు పడుతుంది. నిండాక టేపు చుట్టి, లోపల ఏముందో చెప్పి మరీ పాత ఇనపసామాను కొనేవాడికి ఇవ్వండి.