అట్లతద్ది నాటి చందమామలు

పదేళ్ల కిందటి మాట. మా వీధి చివర ఉండే పిన్నిగారు ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఏమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా? నిన్న సాయంత్రం బస్టాండులో ఏడుస్తూ నిలబడ్డావట" అని అడిగారు. నాకు నవ్వాగలేదు. ఆవిడేమో నేను బాధ దిగమింగుకుని నవ్వుతున్నానని అనుకున్నారు. జరిగిందల్లా కంట్లో పెట్టుకున్న లెన్సు కిందకి ఒక ఇసుక రేణువు దూరడం, అంతే. ఆ లెన్సు పెట్టుకునేవాళ్లని అడగండి, కంట్లో సూది గుచ్చినట్టు ఉంటుంది. కొంగుతో ముఖం కప్పుకుని ఏడవక ఏం చేస్తాం?

నాకున్న జబ్బు పేరు కెరటోకోనస్. పేరు వినగానే ఎదుటివాళ్లు "అదేమైనా అంటుకుంటుందా?" అని ఒక అడుగు వెనక్కి వేస్తారు. అంటుకోదండీ.

2005లో, నేను డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు మొదలైంది. బోర్డు మీద రాసిన ప్రతి అక్షరానికీ కింద ఒక నీడ తోక వేలాడేది. బస్సు దగ్గరకొచ్చి ఆగితే తప్ప ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు. ఆ ఏడు అట్లతద్దికి స్నేహితురాళ్లమంతా డాబా ఎక్కాం. అందరూ దణ్ణం పెట్టుకుంటుంటే నాకు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న నాలుగైదు చందమామలు కనబడ్డాయి. "ఇందులో ఏ చందమామకి పెట్టాలే దణ్ణం?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఒక కన్ను మూసి చూసినా అన్నే కనబడేసరికి లోపల గుబులు పుట్టింది.

మా ఊళ్లో కళ్లజోళ్ల షాపాయన ఆరు నెలలకోసారి సిలిండర్ నంబరు పెంచి కొత్త అద్దాలు ఇచ్చేవాడు. కొత్త జోడు పెట్టుకున్నా అక్షరాలకి తోకలు పోయేవి కావు. "అమ్మాయి కథల పుస్తకాలు ఎక్కువ చదువుతోంది, కాస్త తగ్గించండి" అని నాన్నగారికి సలహా కూడా ఇచ్చాడు. దాంతో నా వారపత్రికలన్నీ బీరువా మీదకి ఎక్కాయి. చదవడానికీ ఈ జబ్బుకీ ఏ సంబంధమూ లేదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో చదవలేకపోయిన కథల గురించి ఇప్పటికీ ఆయన మీద కోపమే.

2007లో హైదరాబాద్‌లో పెద్ద కంటాసుపత్రికి వెళితే, యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి నా కంటికి రంగుల పటం తీశారు. టోపోగ్రఫీ అంటారు దాన్ని. దేశపటంలో కొండలు చూపించినట్టే, కంటి కింది భాగంలో ఎర్రటి గుట్ట ఒకటి ఉంది. కంటి ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మామూలుగా మధ్యలో అర మిల్లీమీటరు మందం. అది పలచబడి, లోపలి ఒత్తిడికి ముందుకి పొంగి, శంకువులా తయారవడమే ఈ జబ్బు. పాత సైకిలు ట్యూబు పలచబడిన చోట బుడగలా పొంగుతుంది చూడండి, అలాగన్నమాట. సాధారణంగా టీనేజీలో మొదలై, ముప్ఫైలు దాటాక నెమ్మదిస్తుంది. రెండు కళ్లకీ వస్తుంది, అయితే ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. 1854లోనే జాన్ నాటింగ్‌హామ్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని వివరంగా రాశాడు. అసలు కారణం ఇదీ అని ఈనాటికీ ఒక్క మాటలో చెప్పలేరు. అయితే అలర్జీ, దురద, కళ్లు గట్టిగా నులుముకునే అలవాటు మాత్రం దీనికి దగ్గరి చుట్టాలు.

డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే: "కళ్లు నులుముకుంటావా అమ్మా?" నేను జవాబు చెప్పేలోపే మా అమ్మ "పిడికిళ్లతో నులుముతుందండీ, చిన్నప్పట్నించీ. వేసవి వస్తే మరీను" అంది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, "తిట్టాను గానీ ఒక్కసారి డాక్టరుకి చూపించలేదు" అని ఏడ్చింది. అప్పట్లో కళ్లు దురదపెడితే డాక్టరు దగ్గరకి ఎవరు వెళ్లేవాళ్లు?

కళ్లజోడు ఎందుకు పనిచేయదో కూడా అప్పుడే తెలిసింది. కార్నియా ఎగుడుదిగుడుగా ఉంటే దూరంగా ముక్కు మీదుండే అద్దం దాన్ని సరిచేయలేదు. గట్టి కాంటాక్టు లెన్సు దాని మీదే కూర్చుంటుంది. మధ్యలో సందుల్ని కన్నీళ్లు నింపుతాయి, పైన నున్నటి కొత్త తలం ఏర్పడుతుంది. మొదటి లెన్సు పెట్టినప్పుడు కళ్లలోంచి ధారలు కారాయి గానీ, ఆ ధారల్లోంచే ఎదురు గోడ మీది క్యాలెండరులో తిథి చదివాను.

పెళ్లిచూపులకి ముందు లెన్సుల సంగతి చెప్పొద్దంది అమ్మ. నేనూ ఊరుకున్నాను. అది తప్పే, అప్పుడు ధైర్యం లేకపోయింది. 2009లో పెళ్లయింది. కాపురానికొచ్చిన మూడో రోజు పెరట్లో ముఖం కడుక్కుంటుంటే లెన్సు జారి పడింది. నేలంతా తడుముతున్న నన్ను చూసి అత్తయ్యగారు, "కళ్లు కనబడని పిల్లని అంటగట్టారన్నమాట" అన్నారు. ఆ మాట చాలా ఏళ్లు గుచ్చుకుంది. కానీ ఆ రోజు టార్చిలైటు తెచ్చి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, తులసికోట పక్కన వెతికి పట్టుకున్నది కూడా ఆవిడే. ఆ తరవాత మా ఇంట్లో లెన్సు పడిపోతే వెతికే పని ఆవిడదే.

వంటింటి సంగతి చెప్పాలి. లెన్సు పెట్టుకున్నాకే పచ్చిమిరపకాయలు తరగాలి, ముందు తరిగితే చేతులెంత కడిగినా మంటే. సాయంత్రం తీసేటప్పుడూ అదే భయం. కాటుక లెన్సుకి అంటుకుని మసక చేస్తుంది. పెళ్లిళ్లలో నన్ను "ముఖం బోసిగా ఉందేమిటి" అనని చుట్టం లేదు.

2012లో మా అమ్మాయి పుట్టింది. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి ఈ జబ్బు ముదురుతుందట. నా కుడికన్ను విషయంలో అదే జరిగింది. 2013లో క్రాస్‌లింకింగ్ చేశారు. కార్నియా పైపొర తీసి, అరగంట పాటు రైబోఫ్లావిన్ చుక్కలు వేస్తారు. అదే బి2 విటమిన్. తరవాత ఇంకో అరగంట అతినీలలోహిత కాంతి చూపిస్తారు. దాంతో కార్నియాలోని పోగులు గట్టిపడతాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థియో సైలర్ బృందం తీసుకొచ్చిన పద్ధతి ఇది, మనుషుల మీద మొదటి ఫలితాలు 2003లో ప్రచురించారు. నాలుగు రోజులు చీకటి గదిలో మూలుగుతూ పడుకున్నాను. ఇది జబ్బు ముదరకుండా ఆపడానికే గానీ, పోయిన చూపుని తేవడానికి కాదు. కట్టు విప్పగానే అంతా స్పష్టంగా కనబడుతుందని ఎదురుచూసిన మావారి ముఖం చూస్తే నాకే జాలేసింది.

ఆ తరవాత పాత లెన్సు కుడికంట్లో నిలిచేది కాదు. మూడు గంటలు దాటితే కన్ను ఎర్రబడేది. కార్నియాని తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చునే పెద్ద స్క్లీరల్ లెన్సులు వేసుకోవాలన్నారు. ధర విని నోరు మూసుకుని ఇంటికొచ్చాను. ఆ ఏడు స్కూలు ఫీజు, తరవాతి ఏడు డాబా మరమ్మతు, ఆ పైన ఆడపడుచు ఇంట్లో శుభకార్యం. నన్నెవరూ వద్దనలేదండీ. నేనే అడగలేదు. ఎడమకన్నుతో నెట్టుకొచ్చాను. కథలు రాయడం మానేశాను, అడిగినవాళ్లకి తీరిక లేదన్నాను.

2018లో ఒక సాయంత్రం స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోతే నాకు కనబడలేదు. గ్యాసు వాసన పట్టి పరుగెత్తుకొచ్చి కట్టేసింది మా అమ్మాయి. అప్పుడు దానికి ఆరేళ్లు. మర్నాడే వెళ్లి నా చీటీ పాడుకున్నాను.

నిజానికి మొట్టమొదట వాడుకలోకొచ్చిన కాంటాక్టు లెన్సులు ఇలాంటివేనట. 1888లో అడాల్ఫ్ ఫిక్ గాజుతో పెద్ద లెన్సులు చేయించాడు. అదే ఏడు ఫ్రాన్సులో యూజీన్ కాల్ట్ ఈ కెరటోకోనస్ కోసమే గాజు లెన్సులు ప్రయత్నించాడు. ఇప్పటివి గాలి ఆడే ప్లాస్టిక్‌వి. నా కంటికి సరిపోయేది దొరకడానికి మూడు సిటింగులు పట్టింది. ఒకటి అంచున నొక్కేది, ఒకటి కింద బుడగ పట్టేది. పెట్టడం, అరగంట కూర్చోబెట్టడం, పసుపు రంగు చుక్క వేసి నీలికాంతిలో చూడడం, మళ్లీ మార్చడం. విసుక్కోని ఆప్టోమెట్రిస్టు దొరకడం అదృష్టమే.

గిన్నెలా ఉన్న లెన్సు నిండా మందులు కలపని సెలైన్ పోసి, చిన్న రబ్బరు కప్పు మీద నిలబెట్టి, తల పూర్తిగా వంచి పెట్టుకోవాలి. మొదటి వారం బల్ల మీద వరదే. కొళాయి నీళ్లు మాత్రం దగ్గరకి రానీయకూడదు. నీళ్లలో ఉండే అమీబా లాంటి క్రిములు కార్నియాని తినేస్తాయి. రాత్రి తీసేయాలి. కన్ను ఎర్రబడి నొప్పెడితే లెన్సు తీసి డాక్టరు దగ్గరకి పరుగెత్తాలి, మందుల షాపుకి కాదు.

ఆ ఏడు అట్లతద్దికి పిల్లని తీసుకుని డాబా ఎక్కాను. పదమూడేళ్ల తరవాత చందమామ ఒక్కడే కనబడ్డాడు. అట్లు పంచడం మరిచిపోయి అలాగే నిలబడిపోతే అత్తయ్యగారు, "చూసింది చాల్లే, మళ్లీ రేపూ వస్తాడు" అన్నారు.

పోయిన వేసవిలో మా అమ్మాయి చదువుకుంటూ పిడికిలితో కన్ను నులుముకోవడం చూశాను. గుండె ఆగినంత పనైంది. ఈ జబ్బున్న చాలామందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. అయినా తల్లికుంటే పిల్లల్ని పరీక్ష చేయించాలి. మా అమ్మ మెట్ల మీద అన్న మాట గుర్తొచ్చి, ఆ వారమే తీసుకెళ్లాను. పటంలో ఎర్రగుట్ట లేదు. అలర్జీకి చుక్కలు రాసి, దురదపెడితే నులమకుండా చల్లటి గుడ్డ పెట్టుకోమని, ఏడాదికోసారి వచ్చి పరీక్ష చేయించుకోమని చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో దుమ్ము. దాని చెయ్యి మెల్లగా కంటి దాకా వెళ్లింది. నేను దగ్గాను. కిటికీ వైపు తిరిగి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.