అటకమీది కంప్యూటరు ఇంటి నెట్టునకు నీరటియైన విధము

మన పల్లెలలో చెరువు ఎంత పెద్దదైనను తూముకడ నీరటి యొకడుండి, ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు విడువవలెనో వంతు తప్పక చూచుచుండెడివాడు. నేడు అట్టి కాపలా యింటింటికి వచ్చు ఇంటర్నెట్టునకును ఆవశ్యకమైనది. ఇది పట్టణవాసుల చింత మాత్రమే కాదు. తెలంగాణ ప్రభుత్వము 2024 డిసెంబరులో టీ-ఫైబరు ఇంటర్నెట్టును ప్రయోగాత్మకముగా ప్రారంభించిన గ్రామములలో మన పాలమూరు సీమలోని మద్దూరును ఒకటి.

నల్లగొండలోని మా యింట చాలకాలము ఆ కాపలా పని చేసినది, కనెక్షను బిగించిన కుర్రవాడు గోడకు తగిలించిపోయిన తెల్లని డబ్బా. దాని పాస్‌వర్డు అడుగున అంటించిన చీటిలోనిదే. దానిని మార్చవలెనని మాకెవ్వరును చెప్పలేదు, మాకును తోచలేదు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇట్లే పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రూటర్లను పెద్దసంఖ్యలో లొంగదీసికొని, అక్టోబరు 21న డైన్ అను సంస్థపైకి ఉసికొల్పగా, దానిపై ఆధారపడిన ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటివి గంటలకొలది అందకపోయెనని చదివిననాడు నాకు నిద్రపట్టలేదు.

అటకమీద మా అమ్మాయి కాలేజీనాటి సీపీయూ యుండెను. ఆ డబ్బాకు బదులు దానినే కాపలా పెట్టదలచితిని. ప్రక్కరేకు విప్పగా ఫ్యాను రెక్కల నడుమ దుమ్ము పత్తిపింజవలె పేరుకొని యున్నది. దానిని బ్రష్షుతో దులిపి, రెండవ నెట్‌వర్కు కార్డు నొకదానిని గ్రుచ్చితిని. ఒకటి బయటినుండి వచ్చు తీగెకు, ఒకటి యింటిలోనికి పోవు తీగెకు. 64-బిట్ ప్రాసెసరు, నాలుగు జీబీల మెమొరీ యున్నచో చాలును. పీఎఫ్‌సెన్స్, దానినుండి చీలి 2015లో వెలువడిన ఓపీఎన్‌సెన్స్ అను ఉచిత రూటరు సాఫ్టువేరులలో రెండవదానిని పెన్‌డ్రైవునుండి ఎక్కించితిని. ఏ కార్డు బయటిది, ఏది లోపలిది అని తెరపై ప్రశ్న వచ్చును. తీగెను పెరికి మరల గ్రుచ్చినచో, దీపము వెలిగిన కార్డును అదియే గుర్తించును.

ఇక అది చేయు పని యెట్టిదనగా: ఇంటిలోని ఫోనులకు, టీవీకి 192.168 తో మొదలగు సంఖ్యలు పంచిపెట్టి, బయటి లోకమునకు మాత్రము అన్నిటికిని కలిపి ఒక్క సంఖ్యనే చూపును. లోపలినుండి ఎవరు ఎవరిని ఏమడిగిరో తన పద్దులో వ్రాసికొని, ఆ పద్దుకు సరిపడు జవాబునే లోనికి రానిచ్చి, అడుగకయే వచ్చినదాని నెల్ల వాకిటనే ఆపివేయును. తొలిసాయంకాలమే, అట్లు ఆపివేసినవాటి చిట్టా తెరచి చూచితిని. ఎవ్వరో ఎరుగని చోటులనుండి మా తలుపు తట్టుచున్న సంఖ్యలు వరుసకట్టి యుండెను. ఇన్నాళ్ళును ఇట్లే తట్టుచుండిరి కాబోలు! ఒకరు సినిమా దింపుకొనుచుండగా మరియొకరి ఆన్‌లైను తరగతి ఆగిపోకుండ వంతులు వేయుటయు దీనికి నేర్పవచ్చును. నీరటితనము నిజముగా కనబడునది ఇక్కడనే.

వైఫై కొరకు క్రొత్తది కొననక్కరలేదు. పాత వైఫై రూటరొకటి యున్నచో, సంఖ్యలు పంచు పనిని దానిలో ఆపివేసి, లాన్ రంధ్రమున తీగె పెట్టినచో అది వైఫై పంచుటకు మాత్రమే పరిమితమగును. తెల్లడబ్బాను మాత్రము, ఫైబరు సంకేతమును తీగెలోనికి మార్చి యిచ్చుటకై, బ్రిడ్జి పద్ధతిలో నుంచితిమి.

కరెంటు సంగతి దాచరాదు. పాత డెస్క్‌టాపు యాభై వాట్లు తినుచున్నదనుకొన్నచో, రేయింబవళ్ళు నడచుటచే నెలకు 36 యూనిట్లగును. కావున పాత ల్యాప్‌టాపుగాని, చేతిపెట్టెయంత చిన్న కంప్యూటరుగాని దొరకినచో అదియే మేలు. కరెంటు పోయినపుడు యూపీఎస్ లేనిదే నెట్టును పోవును. రెండు ఫోనులు తప్ప మరేమియులేని యింటివారు ఇంత శ్రమపడనేల? గోడమీది డబ్బా పాస్‌వర్డును ఈ సాయంకాలమే మార్చుకొన్నను, సగము భయము తీరును.